బోర్బాలా ముక్కు

ఇలా దగ్గరికి రండర్రా. ఆ బల్ల పొయ్యి పక్కకి లాక్కుని కూచోండి. జోఫీ, కిటికీ మూయకు తల్లీ, వీధిలోవాళ్ళు వింటే విననీ. ఈ కథ వీధిలోవాళ్ళు వినాల్సిందే.

నేను బడికెళ్ళింది నాలుగేళ్ళు. అక్షరాలు కూడబలుక్కుంటాను గానీ పేజీ తిప్పేసరికి మొదటి ముక్క మరిచిపోతాను. కళ్ళతో చూసిందీ చెవులతో విన్నదీ మాత్రం నా దగ్గర్నుంచి ఎక్కడికీ పోదు. ఈ కథ చెప్పనని మా అత్తకు మాటిచ్చాను. ఆవిడ ఉన్నన్నాళ్ళూ చెప్పను, ఆవిడ పెద్దకొడుకు ఉన్నన్నాళ్ళూ చెప్పను అన్నాను. అత్త పోయి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఆ పెద్దకొడుకు, మా బావగారు కాల్మాన్, మొన్న చలికాలంలో పోయాడు. ఇచ్చిన మాట తీరిపోయింది. ఇక వినండి.

అరవై ఆరో సంవత్సరం మాట. అప్పటికి నాకు పెళ్ళయి రెండేళ్ళు. ఇరవై మూడేళ్ళదాన్ని. కొండమీద ద్రాక్షతోటలన్నీ సర్కారు సంస్థవి. ఎవరింటికి వారికి తిండికీ తాగుడికీ నాలుగేసి వరసలు మిగిల్చారు. మాకు మాత్రం పై వాలులో ఎనిమిది వరసలుండేవి. పొద్దంతా సంస్థ తోటలో కోత, సాయంత్రం చీకటి పడే లోపల మా వరసల్లో కోత. కోతకత్తెల గుంపుకి మా అత్త బోర్బాలా పెద్ద. ఆవిడకు ముందు వాళ్ళమ్మ, ఆవిడకు ముందు వాళ్ళమ్మమ్మ. ఆ పెద్దరికం ఎవరో కాగితం రాసి ఇచ్చింది కాదు. ముక్కు ఇచ్చింది.

మీకు తెలుసుగా, మన అసూ పండు చూడ్డానికి ఎంత అనాకారో. బోద్రోగ్ నది మంచు పొద్దున పదింటిదాకా కొండను కప్పి, ఆ తర్వాత ఎండ కాసిందంటే ద్రాక్షకు బూడిద బూజు పడుతుంది. పండు ముడతలు పడి, ముసలిదాని చెంపలా లోపలికి పీక్కుపోతుంది. మన తీపి వైనుకి అదే బంగారం. కానీ ఆ ఏడు సెప్టెంబరంతా వాన. పై వాలులో మంచి బూజు పట్టింది, దిగువన నది పక్క తోటల్లో కుళ్ళు పట్టింది. రంగు రెండిటికీ ఒకటే, ముడతా ఒకటే. ఒక్కోసారి కుళ్ళిన పండే కంటికి ముచ్చటగా, గోధుమరంగులో నిగనిగలాడుతూ కనపడేది. మంచిదాన్ని చెడ్డదాన్నుంచి విడదీయడానికి మిగిలింది ముక్కు ఒక్కటే.

అక్టోబరు చివర, సీమోను–యూదా పండుగనాడు కోత మొదలెట్టాం. అందరి నడుములకీ చిన్న చెక్క ముంతలు కట్టి ఉన్నాయి. మామూలు పండు బకెట్లోకి, అసూ పండు ఒక్కొక్కటీ ముంతలోకి. వేళ్ళు బంకబంకగా అంటుకుపోయేవి, కందిరీగలు మొహం చుట్టూ తిరిగేవి. మా అత్త పండు తుంచి, ముక్కు కిందనుంచి అలా ఒక్క రెప్పపాటు పోనిచ్చి, ముంతలోకో నేలమీదికో వదిలేసేది. ఆగడం, ఆలోచించడం లేదు.

నేను తుంచిందొకటి చూపించాను.

"ఇది అవునా అత్తా?"

"నన్నడుగుతావేంటే? నీకు దేవుడు పెట్టిన ముక్కు ఏం చేస్తోంది, కళ్ళజోడు కోసం దాచావా?"

వాసన చూశాను. తేనె, తడి మట్టి, ఎండిన ఆప్రికాట్ పండు లాంటిదేదో. మరోటి చూశాను. లోపలెక్కడో సన్నని సూదిలా పులుపు గుచ్చుకుంది.

"ఇది కాదు," అన్నాను.

"పారెయ్. చేతులు గడ్డికి తుడుచుకో. లేకపోతే ఆ పులుపు రేపటి పండుకి కూడా అంటుతుంది."

పక్క వరసలో టెర్కా ఉండేది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. "బోర్బాలక్కా, ఈసారి పండు తీసుకునేది మీ పెద్దాడేనటగా! ఆరు నెలలు జిల్లాలో చదివొచ్చాడట. ద్రాక్షని పుస్తకంలో చూసి గుర్తుపడతాడా, ద్రాక్షలో పుస్తకం చూస్తాడా?"

అందరం నవ్వాం. అత్త మాత్రం నవ్వలేదు. "కొయ్యండి, మాటలతో ముంత నిండదు," అంది.

కాల్మాన్ సంగతి చెప్పాలిగా. ముప్ఫై నాలుగేళ్ళవాడు. కొండమీద నడుము వంచి ఎరగడు. ఎప్పుడూ ఆఫీసు బల్ల వెనకాలే. తోలుకోటు వేసేవాడు, దాని జేబులో రెండు పెన్నులు, అందులో ఒకటి రాసేది కాదు. ఎదుటివాడు మాట్లాడుతుంటే తలెత్తి వాడి నెత్తిమీదుగా చూసేవాడు, వాడి వెనకాల ఇంకా పెద్ద మనిషి ఎవరైనా వస్తున్నాడేమో అని. మా ఆయన విన్సెకి అన్నంటే భయం, భక్తి. "మా అన్నయ్య పైకొస్తాడు," అని మురిసిపోయేవాడు. ఊళ్ళో సగంమంది అలాగే అనేవారు. పొగ కూడా పైకే పోతుంది, దానికేం?

పదకొండు రోజులు మా ఎనిమిది వరసల్లో కోసింది మూడు పుట్టోన్‌లయింది. పుట్టోన్ అంటే వీపుకి తగిలించుకునే చెక్క బుట్ట, తెలుసుగా. మూడు పుట్టోన్ల అసూ ఆ ఏడు ఊళ్ళో ఏ ఇంట్లోనూ లేదు. విన్సె రెండుసార్లు మోశాడు, నేనొకసారి మోశాను. సొంత వరసల్లో కోసినా అసూ పండు సంస్థకే అమ్మాలి. సంస్థ తూనిక దగ్గర అందరూ వరసలో నిలబడి ఉన్నారు. తూనిక వెనకాల కాల్మాన్. అతని ముందు ఒక అట్ట, దానిమీద వరసగా రంగులు అంటించి ఉన్నాయి. పండు తీసి, వెలుతురుకి ఎత్తి, అట్టమీది రంగుతో పోల్చి చూస్తున్నాడు. మొహం మాత్రం ఆపరేషను చేసే డాక్టరులా పెట్టాడు.

మా ముందు ఇర్మా ఉంది. పార్టీ కార్యదర్శి పెళ్ళాం. ఆవిడ వరసలు దిగువన, నది ఒడ్డున. ఆవిడ తెచ్చిన పండు ముచ్చటగా గోధుమరంగులో మెరిసిపోతోంది. దానిమీద చిట్టి చిట్టి ఈగలు గుంపులుగా ముసురుతున్నాయి. నాలుగడుగుల దూరంలో ఉన్న నాకే కళ్ళు మండాయి. పచ్చి వెనిగర్.

కాల్మాన్ గుప్పెడు తీసి పైకెత్తాడు. "చూడండి, ఇదీ అసూ అంటే! ఈగలు చూశారా? తీపి ఉన్నచోటే ఈగ వాలేది."

వరసలో ముప్ఫై మంది ఉన్నారు. ముప్ఫై ముక్కులు. ఒక్కడూ పెదవి కదపలేదు. మా ఊరంతా ముక్కులున్నవాళ్ళే, నోళ్ళే లేవు. కొందరైతే తలకూడా ఊపారు. ఇర్మా వయ్యారంగా పక్కకి తప్పుకుంది.

తర్వాత మా వంతు. అత్త బుట్టమీద బట్ట తీసింది. బూడిద పట్టి, పీక్కుపోయి, దుమ్ము కొట్టినట్టుంది మా పండు. కాల్మాన్ అట్టకేసి చూశాడు, పండుకేసి చూశాడు. తల్లికేసి మాత్రం చూడలేదు.

"ఇది బూజు," అన్నాడు.

"బూజే నాయనా. వాసన చూడు," అంది అత్త మెల్లిగా.

ఒక్క క్షణం అతని చెయ్యి ఆగింది. అప్పుడు వంగి, అందరికీ వినపడేట్టు గట్టిగా గాలి పీల్చాడు.

"పులుపు. వెనిగర్ కొడుతోంది. వాపసు."

నా చెవుల్ని నేను నమ్మలేదు. వెనకనుంచి టెర్కా "అయ్యో యేసయ్యా!" అంది. కాల్మాన్ నిటారుగా నిలబడి చెయ్యెత్తాడు. "తల్లయినా చెల్లయినా తూనిక దగ్గర బంధుత్వం లేదు! కుళ్ళును కుళ్ళని తెలుసుకోలేనివాళ్ళు గుంపుకు పెద్దగా ఉండడానికి వీల్లేదు. రేపట్నుంచి కోతకి ముందు ఇర్మా కామ్రేడ్ నడుస్తుంది. అమ్మ పీపాలు కడుగుతుంది."

దానికి చప్పట్లు కొట్టారర్రా. నిజంగా కొట్టారు. ముందు కార్యదర్శి కొట్టాడు, తర్వాత అతని పక్కవాడు, తర్వాత అందరూ. ఒక పేపరు కుర్రాడు కూడా ఉన్నాడక్కడ. మర్నాడు జిల్లా పేపర్లో వేశాడు, కన్నతల్లినీ వదలని నిజాయితీ అని, పైన కాల్మాన్ ఫోటోతో.

నేను అత్తకేసి చూశాను. ఆవిడ తలగుడ్డ ముడి విప్పి, మళ్ళీ కట్టుకుంది. గట్టిగా. తర్వాత, "ఎత్తవే రొజీ, ఇంటికి పోదాం," అంది. అంతే. ఊరుని హడలెత్తించే మనిషి ఆవిడ. పాదిరిగారి పాటలోనే తప్పు పట్టిన మనిషి. విన్సె బుట్ట వీపుకెత్తుకుంటూ, "అన్నయ్యకి ఏదో కారణం ఉండుంటుంది," అన్నాడు. నా మొగుడే, ఏం చెయ్యను.

దారిపొడుగునా నాకు ఒళ్ళు మండిపోయింది. "అబద్ధమాడాడత్తా! తేనెలాంటి పండుని వెనిగర్ అన్నాడు. నువ్వెందుకు నోరెత్తలేదు?" అని అడుగుతూనే ఉన్నాను. చెవిటివాడి ముందు శంఖమే.

ఇంటికి తెచ్చిన పండుని నేలమాళిగలో శుభ్రమైన తొట్టిలో పోసింది. పైన గుడ్డ కప్పింది. దానిగురించి మళ్ళీ ఎత్తలేదు.

ఇక ఆదివారం. ఎవరొచ్చాడనుకున్నారు భోజనానికి? తోలుకోటు! ఏమీ జరగనట్టే వచ్చాడు. కోడి సూపు తాగాడు. "అమ్మా, నూడుల్స్ ఇంకాస్త సన్నగా కోయాల్సింది," అని వంక పెట్టాడు. మూడుసార్లు మళ్ళీ వడ్డించుకున్నాడు. వాపసు చేసిన పండు తెచ్చిన ఇంటి సూపు మాత్రం వాపసు చెయ్యలేదు చూశారా. తిన్నాక పొయ్యికి వీపు పెట్టుకుని కూచుని, తన ఫోటో ఉన్న పేపరు విప్పాడు. విన్సె పక్కనే నిలబడి, "ఎంత బాగా పడ్డావన్నయ్యా," అంటున్నాడు. తర్వాత విన్సె పందికి మేత వెయ్యడానికి వెళ్ళాడు.

నేను తీపి రవ్వకి పాలు పొయ్యిమీద పెట్టి, కట్టెలకోసం పెరట్లోకి వెళ్ళాను. అక్కడ పక్కింటావిడ పట్టుకుంది. మాటల్లో పడ్డాను. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. మాడు వాసన పెరట్లోకి వచ్చింది. పాలు మాడితే ఎలా ఉంటుందో మీకు తెలుసు, పక్క వీధి పిల్లులు కూడా పారిపోతాయి. పరుగెత్తుకొచ్చాను. పాలు పొంగి, ఇనప పలకమీద కారి, నల్లగా అట్టకట్టాయి. గదినిండా ఆ కంపు, గొంతులో పట్టేస్తోంది. దాని ముందు రెండడుగుల దూరంలో, వీపు అటు పెట్టుకుని, కాల్మాన్ నిమ్మళంగా పేపరు చదువుకుంటున్నాడు.

తలెత్తి నన్ను చూశాడు. "ఏం రొజీ, పాలింకా కాగలేదా?"

అప్పుడే అత్త లోపలికొచ్చింది. ముందు గిన్నె చూసింది, తర్వాత నా మొహం చూసింది. గుడ్డతో గిన్నె పట్టుకుని బయటికి తీసుకుపోయింది. కాల్మాన్ ఆ గిన్నె వెళ్ళడం చూశాక గానీ వెనక్కి తిరగలేదు. తిరిగి, పలకమీది నలుపు చూసి, గబుక్కున జేబురుమాలు తీసి ముక్కుకి పెట్టుకున్నాడు. "అబ్బ, ఏం కంపు!" అన్నాడు. అప్పుడన్నాడు!

అతను వెళ్ళిపోయాక అత్త నన్ను నేలమాళిగకి పిలిచింది. పీపాల మధ్య బోర్లించిన బకెట్టుమీద కూచుంది.

"తెలిసిపోయిందిగా నీకు," అంది.

"ఎప్పట్నుంచి?"

"వాడి పన్నెండో ఏటినుంచి. యుద్ధం చివరి ఏడు. మీ మామగారు సైన్యంలో ఉన్నారు. మళ్ళీ రాలేదనుకో. పెద్ద పీపా కడగాలి. సైనికులొచ్చి పీపాలు ఎత్తుకుపోతారని అందరూ కంగారుగా ఉన్నారు. లోపలి బూజు చావాలని ఆ పొద్దునే దాంట్లో గంధకం కాల్చాను. ఒక పూటైనా గాలి ఆడనివ్వాలి. ఆడనివ్వలేదు. పీపా తలుపులోంచి పట్టేది వీడొక్కడే. వద్దన్నాడు. దగ్గొస్తోందమ్మా అన్నాడు. పిరికిపందా అని తిట్టి, వీపుమీద చెయ్యేసి నేనే తోశాను."

అత్త పక్కనున్న పీపామీద చెయ్యేసింది.

"కాళ్ళు పట్టుకుని బయటికి లాగాం. నెలరోజులు ముక్కులోంచి నెత్తురు కారింది. ఆ తర్వాత వాడికి ఏ వాసనా తెలీదు. గులాబీ తెలీదు, పేడ తెలీదు. ఆ సంగతి వాడికి తెలుసు, నాకు తెలుసు. ఇప్పుడు నీకు."

"అయితే ఈ ఉద్యోగం ఎందుకు ఒప్పుకున్నాడత్తా? ఊళ్ళో వెయ్యి పనులున్నాయి కదా!"

"ముక్కు కావలసిన పని ఇచ్చారంటే వాడికి ముక్కున్నట్టే కదా లోకం దృష్టిలో." ఆవిడ లేచి పావడా దులుపుకుంది. "నోరు జారకు. వాడున్నన్నాళ్ళూ, నేనున్నన్నాళ్ళూ. మాటివ్వు."

మాటిచ్చాను. పన్నెండేళ్ళ పిల్లవాడిమీద నాకు జాలి కలిగింది, ఎందుకు కలగదు? ఇప్పటికీ ఉంది. కానీ ముక్కు పోవడం వేరు, సిగ్గు పోవడం వేరు. సిగ్గుని ఏ గంధకం కాల్చలేదు వాడికి. అది వాడే ఊడదీసి తోలుకోటు జేబులో పెట్టుకున్నాడు.

ఇర్మా ముందు నడిచిన కోత ఎలా ఉంటుందో అలాగే ఉంది. దిగువ తోటల్లో నిగనిగలాడే పండంతా ముంతల్లోకి ఎక్కింది. పై వాలులో బూడిద పట్టిన పండు నేలపాలయింది. కోతకత్తెలకు తెలుసు. అయినా కోశారు. "మనకెందుకులే అక్కా, కూలి వస్తోందిగా," అనుకునేవారు. టెర్కా మాత్రం రోజూ సాయంత్రం అత్త దగ్గరికొచ్చి తిట్టిపోసేది. "గాడిదకేం తెలుసు గంధపు చెక్క వాసన! నీ కొడుకని ఊరుకుంటున్నా, లేకపోతే ఆ అట్టముక్క వాడి నెత్తినే బద్దలు కొడుదును." అత్త పీపా కడుగుతూ, "నీళ్ళందుకో," అనేది.

నవంబరు నడిమధ్యన, సంస్థ డైరెక్టరూ, రాజధానినుంచి ఇద్దరు పెద్దమనుషులూ వచ్చారు. మన అసూని పరదేశానికి పంపే బేరమట. సంస్థ నేలమాళిగ ముందు ఆవరణలో పెద్ద తొట్టి పెట్టారు, కోసిన అసూ అంతా అందులో. తొక్కే ముందు చూపించాలని. కూలిజనం అందరినీ గోడవారన నిలబెట్టారు. మా అత్త చివర్న, పీపా బ్రష్షు చేతిలో పట్టుకుని, తడిసిన పావడాతో.

ఆ వాసన గురించి ఏం చెప్పను! చర్చి మలుపు దగ్గరే తగిలింది. ఆడవాళ్ళందరూ తలగుడ్డ కొసలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. కార్యదర్శి రుమాలుతో చెమట తుడుచుకుంటున్నట్టు నటిస్తున్నాడు, నవంబరు చలిలో. రాజధాని మనుషుల్లో ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, కళ్ళు నీళ్ళు కారుతుంటే.

కాల్మాన్ తొట్టి దగ్గరికి నడిచాడు. రెండు చేతులూ అంచుమీద ఆనించి, కిందికి వంగి, కళ్ళు మూసుకుని, గుండె నిండా పీల్చాడు.

"తేనె!" అన్నాడు. "అకాసియా తేనె. చివర్న కొంచెం ఆప్రికాట్ పండు. నా పన్నెండేళ్ళ అనుభవంలో ఇలాంటి అసూ చూడలేదు."

ఆరునెలల చదువు పన్నెండేళ్ళ అనుభవం ఎప్పుడయిందో నాకు తెలీదు. గోడవారన ఎవరో కిసుక్కున నవ్వారు, వెంటనే దగ్గుగా మార్చారు. డైరెక్టరు మూర్ఖుడు కాడు. అంతకంటే హీనం, తెలివైన పిరికివాడు. వెనిగర్ అని తనే అంటే తన సంస్థ పరువు పోతుంది, తేనె అంటే పెద్దమనుషుల ముందు నవ్వులపాలు. ఆ మాట ఇంకొకరి నోట్లోంచి రావాలి. చుట్టూ చూశాడు.

"ఈ ఊళ్ళో మంచి ముక్కున్న పెద్దావిడ ఒకరున్నారని విన్నాను. కోతకత్తెల పెద్దట. ఎక్కడ?"

ఎవరూ వేలు చూపించలేదు, కానీ అందరి తలలూ అటే తిరిగాయి. అత్త బ్రష్షు గోడకి ఆనించి, చేతులు పావడాకి తుడుచుకుంటూ ముందుకొచ్చింది. ఆవిడ నన్ను దాటుతుంటే టెర్కా గొణిగింది. "ఇప్పుడు చెప్పక్కా. దులిపెయ్."

నేను కాల్మాన్‌ని చూశాను. మొహం పాలిపోయింది. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి మొహంలో పన్నెండేళ్ళవాడి భయం కనబడింది. తల్లికేసి చూశాడు. ఆ ఏడంతటిలో ఆవిడ కళ్ళలోకి చూడ్డం అదే మొదలు.

అత్త తొట్టిమీద వంగింది. చాలాసేపు వంగే ఉంది. లేచేసరికి కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, ఆ ఘాటుకి. తలగుడ్డ కొసతో తుడుచుకుంది.

"నాకేం తెలియడం లేదయ్యా," అంది. "ఈమధ్య నాకు వాసన తెలియడం లేదు."

డైరెక్టరు నోరు తెరిచి, మూశాడు.

కాల్మాన్ మొహంలోకి రంగు తిరిగొచ్చింది. ఎంత తొందరగా వచ్చిందనుకున్నారు! కోటు సర్దుకున్నాడు.

"చూశారుగా కామ్రేడ్స్," అన్నాడు. "అందుకే ఆవిడ పండు తిప్పి పంపాను. ఈ తొట్టిలో ఏదైనా తేడా ఉంటే, మొదటి వారం కోత ఆవిడ చేతిమీదుగా జరిగింది కాబట్టే. పాపం, వయసు మీదపడింది."

పాపం అన్నాడర్రా. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఈగలా తిరుగుతుంది.

నా నోరు తెరుచుకుంది. నాలుక చివరిదాకా వచ్చేసింది. అత్త నన్ను దాటి వెనక్కి వస్తూ, తడి చేత్తో నా మణికట్టు పట్టుకుంది. చల్లటి చెయ్యి. నోరు మూసుకున్నాను. అందరినీ ఇందాకట్నుంచి తిట్టిపోస్తున్నానే, ఆ వరసలో నన్నూ నిలబెట్టండి. మాటిచ్చాను కాబట్టి అంటాను, కానీ మాటిచ్చినవాళ్ళందరూ అలాగే అంటారు.

ఆవిడ బ్రష్షు తీసుకోలేదు. తిన్నగా ఇంటికి నడిచింది. వెనకాలే నేను.

ఇంటికొచ్చాక, "కాళ్ళు కడుక్కో. మడమలు గట్టిగా రుద్దు," అంది. నేలమాళిగలో గుడ్డ తీసింది. మూడు పుట్టోన్ల పండు, బూడిద బూడిదగా. ఎవరూ నొక్కకుండానే, దాని బరువుకే అడుగున చిక్కటి పాకం ఊరింది. అత్త తొట్టి అడుగు బిరడా తీసింది. పాకం దారంలా సాగి గిన్నెలోకి పడింది. ఆ వాసనకి నాకు ఏడుపొచ్చింది. వెనిగరూ లేదు, పులుపూ లేదు.

మా ఇంట్లో ఆ పాకం మొదటి చెంచా ఇంటి పెద్దకొడుక్కి. మా మామగారు ఉన్నప్పట్నుంచీ అంతే. ఆయన పోయాక ప్రతి ఏడూ అత్త ఆ చెంచా ఓ చిన్న గిన్నెలో దాచి, కాల్మాన్ ఎప్పుడొస్తే అప్పుడు తన చేత్తో నోట్లో పెట్టేది. వాసన తెలియని నోట్లో.

విన్సె అలవాటుగా చిన్న గిన్నె అందించాడు. "అన్నయ్యకి," అన్నాడు.

అత్త గిన్నె తీసుకోలేదు. చెంచా ముంచి, పాకం కారకుండా అంచుకి రాసి, నా నోటి ముందు పెట్టింది.

"తెరువు," అంది.

విన్సె గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నేను మింగాను. ఆ తర్వాత తొట్టిలోకి దిగి ఇద్దరం తొక్కాం. ఆవిడ నా భుజం పట్టుకుంది, నేను ఆవిడ భుజం పట్టుకున్నాను. ఆ తర్వాత ఆదివారాల్లో మా ఇంట్లో సూపు కంచాలు మూడే. కాల్మాన్ ఒకసారి వచ్చి, బల్లకేసి చూసి, నిలబడే నాలుగు మాటలాడి వెళ్ళాడు. ఆవిడ వెళ్ళమనలేదు. కూచోమనీ అనలేదు.

సంస్థ తొట్టి ఏమయిందంటారా? ఊరగాయల ఫ్యాక్టరీకి వెళ్ళింది, దోసకాయలు నానబెట్టుకోవడానికి. కాల్మాన్ ఏమయ్యాడంటారా? జిల్లాకి పెద్ద అధికారిగా వెళ్ళాడు. ఏం, పడిపోతాడనుకున్నారా? అలాంటివాళ్ళని కింద ఉంచితే పాడుచేస్తారని పైకి పంపిస్తారు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు పెద్ద పెద్ద విందుల్లో గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని "అకాసియా తేనె" అంటూనే బతికాడు. విన్నవాళ్ళు తలలూపుతూనే బతికారు.

మరుసటేడు సీమోను–యూదా పండుగ పొద్దున మా గుమ్మం ముందు అలికిడి. చూద్దును కదా, కోతకత్తెలందరూ. ముందు టెర్కా, ఒడినిండా పండుతో.

"వాసన తెలీని ముసలిదానా, బయటికి రా!" అని అరిచింది.

అత్త తలుపు తీసింది. టెర్కా ఒక పండు ఆవిడ ముక్కు కింద పెట్టింది. అత్త టెర్కా మొహంలోకి చూసింది, మిగతావాళ్ళ మొహాల్లోకి చూసింది. ఆవిడ ముక్కు పోలేదని అందరికీ తెలుసు. అంతకుముందు ఏడు నోరెత్తని వాళ్ళందరికీ తెలుసు.

"అవును," అంది అత్త.

ఇంకోటి. "కాదు." ఇంకోటి. "అవును. పై వాలుదే, మూడో వరసదే." అలా ఒడి ఖాళీ అయ్యేదాకా. ఆ తర్వాత, "ఇక నేను రాను. దీన్ని తీసుకుపొండి," అని నన్ను వాళ్ళ మధ్యకి తోసింది. నలభై ఏళ్ళు ఆ గుంపుకి ముందు నేనే నడిచాను. ఇర్మా? ఆవిడ కుక్కల పెంపకంలోకి దిగింది, అక్కడైనా ముక్కున్నవాళ్ళతో పని.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మొన్న పంచాయితీవాళ్ళు ఊరి చరిత్రని పుస్తకం వేశారు. జోఫీ చదివి వినిపించింది. అందులో అరవై ఆరో సంవత్సరం కింద ఒక్క వాక్యం ఉంది. కోతకత్తెల పెద్ద బోర్బాలా వాసన శక్తి కోల్పోయినందువల్ల ఆ ఏటి అసూ చెడిపోయిందని. డైరెక్టరు రాసిన పాత రిపోర్టులోంచి తీసి, అలాగే అచ్చేశారు.

మీరు చదువుకున్నవాళ్ళు. నేను పుస్తకంమీద గీత కొట్టలేను, కొట్టడం రాదు కూడా. మీరు నోటితో చెప్పండి. మీ పిల్లలకి చెప్పండి, కోతకి వచ్చే పరాయి ఊరివాళ్ళకి చెప్పండి, సారాకొట్టు దగ్గర ఎవరైనా ఆ పుస్తకం ఎత్తితే అక్కడే చెప్పండి. ఆవిడకి వాసన తెలుసు అని. చచ్చిపోయే రోజు పొద్దున కూడా, "రొజీ, ఎవరో కిటికీ కింద కోసిన గడ్డి వేశారు," అంది, వేశారు. ఆ తొట్టిమీద వంగినప్పుడు కూడా తెలుసు. అందరికంటే దగ్గరగా వంగింది, అందరికంటే ఎక్కువసేపు వంగింది, అంతా పీల్చుకుంది.